కేంద్ర ప్రభుత్వం తరఫున అంతర్జాతీయ వాణిజ్య లాయర్‌గా పనిచేయాలంటే? ఈ దారిలో ఉన్నవాళ్లు చెప్పండి

ఉండి_లా_విద్యార్థిని
అందరికీ నమస్తే. నేను విశాఖలో బీఏ ఎల్ఎల్‌బీ నాలుగో ఏడాది చదువుతున్నాను. మాది భీమవరం దగ్గర ఉండి. నాన్న ఇరవై ఏళ్ల పైనుంచి రొయ్యల సాగు చేస్తున్నారు. మొదట టైగర్ వేసేవారు, తర్వాత వనామీకి మారారు.

చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఒక మాట వింటూ పెరిగాను: "అమెరికా వాళ్లు మళ్లీ ఏదో సుంకం వేశారంట, రేటు పడిపోయింది." 2024 చివర్లో సబ్సిడీల పేరుతో మన రొయ్యల మీద 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం వేశారు. 2025 ఆగస్టు 27 నుంచి అదనపు టారిఫ్‌లు 50 శాతానికి చేరాయి. ఆ వారం మా చెరువు గట్టు మీద ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. అప్పటి నుంచి నన్ను ఒకే ప్రశ్న వదలడం లేదు. అమెరికా వాణిజ్య శాఖ ముందు గానీ, జెనీవాలో డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) ముందు గానీ మన దేశం తరఫున నిలబడి మాట్లాడేది ఎవరు? ఆ లాయర్లు ఎక్కడ చదివారు, ఎలా చేరారు? నాలాంటిది అక్కడికి వెళ్లగలదా?

నాన్న మాత్రం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదవమంటున్నారు. ఆయన చెప్పేదీ తప్పు కాదు. అందుకే నిర్ణయం తీసుకునే ముందు అడుగుతున్నాను.

హైకోర్టు_జూనియర్
మీ ఆలోచన మంచిదే గానీ, ఒక నిజం చెప్పాలి. డబ్ల్యూటీఓలో తీర్పుల మీద అప్పీళ్లు వినే అప్పీలేట్ బాడీ 2019 డిసెంబర్ 11 నుంచి పనిచేయడం లేదు. ఏడుగురు ఉండాల్సిన చోట కేసు వినడానికి కావలసిన ముగ్గురు కూడా మిగల్లేదు. కొత్తవాళ్ల నియామకాన్ని అమెరికా అడ్డుకుంది. చివరి సభ్యురాలి పదవీకాలం 2020 నవంబర్ 30తో ముగిసింది. ఓడిపోయిన దేశం అప్పీలు చేస్తే చాలు, ఆ కేసు అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడు ఈ చట్టం మీద జీవితం పెట్టడం ఎంతవరకు సబబు? హైకోర్టులో నాలుగేళ్లు కష్టపడితే చేతిలో ప్రాక్టీసు ఉంటుంది. నిరుత్సాహపరచాలని కాదు, చెల్లెమ్మా. మీ నాన్నగారి మాట కూడా ఒకసారి వినండి.

ఢిల్లీ_అక్క
చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను. వాణిజ్య ఒప్పందాలు, వివాదాల మీద కేంద్రానికి సలహా ఇచ్చే న్యాయ బృందంలో నేను ఆరేళ్లు పనిచేశాను. నేను చూసిన ఫైళ్ల గురించి చెప్పకూడదు, చెప్పను. అందరూ చదువుకోగలిగిన తీర్పుల్లోంచే చెప్తాను.

ముందు నీ మొదటి ప్రశ్నకు జవాబు, ఎందుకంటే అది మీ ఇంటి కథే. 2005 ఫిబ్రవరిలో అమెరికా మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చౌకగా తెచ్చి అమ్ముతున్నారంటూ వేసే సుంకం వేసింది. విడిగా లెక్క తేల్చని ఎగుమతిదారులందరికీ వర్తించే రేటు 10.17 శాతం. దానికి తోడు ఇంకో భారం పెట్టారు. రొయ్యలు దిగుమతి చేసుకునే అమెరికా వ్యాపారి, ముందు ఏడాది తెచ్చుకున్న సరుకు విలువ మీద సుంకం ఎంతవుతుందో అంత మొత్తానికీ కస్టమ్స్‌కు బాండు, అంటే పూచీపత్రం ఇవ్వాలి. సుంకం కడుతూనే, పైన ఈ బాండు. కోట్ల రూపాయలు అలా ఇరుక్కుపోతే కొనేవాడు తగ్గించి కొంటాడు. ఆ తగ్గింపు చివరికి ఎవరి చెరువు దగ్గరకు చేరుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

2006లో భారత్ దీని మీద డబ్ల్యూటీఓకు వెళ్లింది. కేసు నంబరు డీఎస్345. థాయ్‌లాండ్ కూడా విడిగా కేసు వేసింది. 2008లో అప్పీలేట్ బాడీ ఆ బాండు నిబంధన ఒప్పందానికి విరుద్ధమని తేల్చింది. ఆ కేసులో మన తరఫున మొదట పనిచేసినవాళ్లు కాగితాలు చదివినవాళ్లు, లెక్కలు కట్టినవాళ్లు, ఎగుమతిదారుల దగ్గర కూర్చుని "ఈ బాండు వల్ల మీకు బ్యాంకులో ఎంత ఖర్చయింది" అని అడిగి రాబట్టినవాళ్లు. లేచి నిలబడి వాదించడం ఆ పనిలో ఆఖరి పదో వంతు. సినిమాల్లో చూసే కోర్టు అని ఎవరైనా చెప్తే నమ్మకు.

ఇక జూనియర్ గారి మాట. అప్పీలేట్ బాడీ ఆగిపోయిందన్నది నిజమే. దాని వల్ల మాకు కలిగిన బాధ మాటల్లో చెప్పలేను. కానీ పని ఆగిపోయిందనుకుంటే పొరపాటు. రేపు తీరిక చేసుకుని రాస్తాను. ఇప్పుడు అర్ధరాత్రి దాటింది.

మాజీ_కస్టమ్స్
నేను విశాఖ పోర్టులో కస్టమ్స్ అధికారిగా చేసి రిటైరయ్యాను. అమ్మాయి గారూ, మీరు బయటి దేశాలు మన మీద వేసే సుంకాల గురించే ఆలోచిస్తున్నారు. ప్రభుత్వ వాణిజ్య న్యాయవాదుల పనిలో పెద్ద భాగం దేశం లోపలే ఉంది. మనం వేరే దేశాల సరుకు మీద వేసే సుంకాల పని అది.

ఢిల్లీలో పార్లమెంట్ స్ట్రీట్‌లో జీవన్ తారా అని ఒక భవనం ఉంది. డీజీటీఆర్ కార్యాలయం అక్కడే. అంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్. 2018 మేలో ఏర్పడింది. అంతకుముందు యాంటీ డంపింగ్‌కు ఒక డైరెక్టరేట్ ఉండేది, సేఫ్‌గార్డ్ పని, అంటే దిగుమతులు ఒక్కసారిగా పెరిగినప్పుడు వేసే సుంకాల పని, ఆర్థిక శాఖ కింద వేరేగా నడిచేది. రెండూ కలిపి ఒకే గూటి కిందకు తెచ్చారు.

పని ఎలా నడుస్తుందో చెప్తాను. చైనా నుంచో కొరియా నుంచో ఒక రసాయనం మరీ చౌకగా వస్తోందని మన కంపెనీలు ఫిర్యాదు చేస్తాయి. ఎవరు పడితే వాళ్లు ఫిర్యాదు చేస్తే చెల్లదు. ఫిర్యాదును సమర్థించేవాళ్ల ఉత్పత్తి దేశీయ ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి. అభిప్రాయం చెప్పినవాళ్లలో సమర్థించే ఉత్పత్తి సగం దాటాలి. అప్పుడు విచారణ మొదలవుతుంది. ప్రశ్నావళులు పంపుతారు, విదేశీ ఉత్పత్తిదారు తన ధరల వివరాలిస్తాడు, ఓరల్ హియరింగ్ జరుగుతుంది, లెక్కల తనిఖీ జరుగుతుంది. మామూలుగా ఏడాదిలో తేల్చాలి, అవసరమైతే మరో ఆరు నెలలు. చివరికి సిఫారసు డీజీటీఆర్ చేస్తుంది, సుంకం వేసేది మాత్రం ఆర్థిక శాఖ. ఆ శాఖ సిఫారసును ఒప్పుకోకపోవడం కూడా ఉంది. సుంకం వేస్తే ఐదేళ్లు, గడువు తీరే ముందు మళ్లీ సమీక్ష. దీని మీద అప్పీలు కస్టమ్స్, పన్నుల కేసులు వినే ట్రైబ్యునల్ సెస్టాట్‌కు వెళుతుంది.

మన చట్టంలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఉదాహరణకు ఒక సరుకు వాళ్ల దేశంలో 120 రూపాయలు, మనకు ఎగుమతి ధర 100. తేడా 20. కానీ మన పరిశ్రమ నష్టపోకుండా అమ్ముకోగల ధర 110, దిగుమతైన సరుకు మన రేవుకు చేరేసరికి 102 పడుతోంది. అంటే నష్టం పూడ్చడానికి 8 చాలు. సుంకం 20 వేయరు, 8 వేస్తారు. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. ఈ 110 అనే అంకె తేల్చడానికి కాస్ట్ అకౌంటెంట్లు, లాయర్లు వారాల తరబడి కూర్చుంటారు. ఒక చిన్న పొరపాటు జరిగితే ఒక వైపు ఫ్యాక్టరీ మూతపడుతుంది, ఇంకో వైపు వాడుకునేవాడు ఎక్కువ కడతాడు.

జీడిమెట్ల_మౌల్డింగ్
మాజీ కస్టమ్స్ గారూ, ఆ వాడుకునేవాడిని నేనే. నాకు జీడిమెట్లలో ప్లాస్టిక్ వస్తువుల చిన్న యూనిట్ ఉంది, 22 మంది పనివాళ్లు. నేను కొనే ముడిసరుకు మీద సుంకం పడితే నాలాంటివాళ్ల పరిస్థితి ఎవరు చెప్తారు? ముడిసరుకు తయారుచేసే కంపెనీలు నాలుగైదు ఉంటాయి, ఢిల్లీలో మంచి లాయర్లు ఉంటారు. మేము దేశమంతా వేల మందిమి చెల్లాచెదురుగా ఉన్నాం. ఒకసారి మా సంఘం తరఫున వాడకందారుల ప్రశ్నావళి నింపాలని కూర్చున్నాం. మాకు సహాయం చేస్తానన్న కన్సల్టెంట్ సగం డబ్బు తీసుకుని గడువు ముందు రోజు ఫోన్ ఎత్తలేదు. మా మాట రికార్డులోకి ఎక్కలేదు.

కాబట్టి ఆ అమ్మాయికి నా కోరిక ఒక్కటే. రేపు ప్రభుత్వం వైపు కూర్చుంటే, ఫైల్లో లేని మనిషి గురించి కూడా అడగండి.

ఉండి_లా_విద్యార్థిని
మౌల్డింగ్ బాబాయ్ గారూ, మీ మాట రాసుకున్నాను. నిజం చెప్పాలంటే అమెరికాలో రొయ్యల మీద ఆ యాంటీ డంపింగ్ సుంకం అడిగింది కూడా అక్కడి రొయ్యల వేట పడవలవాళ్లే. వాళ్లూ మా నాన్నలాంటివాళ్లే కదా అని ఇప్పుడే అనిపించింది. మాజీ కస్టమ్స్ సార్, 120, 100 లెక్క చాలా బాగా అర్థమైంది, థాంక్స్.

ఢిల్లీ అక్కా, మిగతాది ఎప్పుడు రాస్తారు?

ఢిల్లీ_అక్క
వచ్చాను. జూనియర్ గారి ప్రశ్నతో మొదలుపెడతాను.

చెరకు కేసు తీసుకుందాం. బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా మన మీద వేసినది. మన ప్రభుత్వం చెరకుకు కనీస ధర ప్రకటిస్తుంది, మిల్లులు ఆ ధర రైతుకు కట్టాలి. ఆ డబ్బు ఖజానాలోంచి పోవడం లేదు కాబట్టి అది ప్రభుత్వ మద్దతు లెక్కలోకి రాదన్నది మన వాదన. 2021 డిసెంబర్‌లో డబ్ల్యూటీఓలో కేసును మొదట వినే ప్యానెల్ దాన్ని ఒప్పుకోలేదు. ఉత్పత్తి విలువలో 10 శాతం పరిమితి దాటామని చెప్పింది. అదే నెలలో భారత్ అప్పీలు చేసింది. వినడానికి ఎవరూ లేరు కాబట్టి ఆ నివేదిక అమల్లోకి రాలేదు. ఇక్కడ మనం కూడా ఆ ఖాళీని వాడుకున్నాం, అది దాచుకునే విషయం కాదు. మన రైతుకు మేలు జరిగిందని నేను సంతోషించాను. రేపు ఇంకెవరైనా మన మీద ఇదే పని చేస్తే మనకూ దిక్కుండదని భయపడ్డాను కూడా. రెండూ నిజమే.

మరోవైపు చూడండి. 2023 జూన్‌లో భారత్, అమెరికా ఏళ్ల తరబడి నలుగుతున్న ఆరు కేసులను మాట్లాడుకుని ముగించుకున్నాయి. సెప్టెంబర్‌లో ఏడోది, కోళ్ల ఉత్పత్తుల కేసు. ఆపిల్స్, బాదం, శనగల మీద మనం వేసిన అదనపు సుంకాలు కూడా అందులో ఒక కేసే. కోర్టు లేనప్పుడు ఈ రాజీలు ఎలా కుదిరాయి? రెండు వైపులా గెలిచినవి, ఓడినవి బల్ల మీద ఉన్నాయి కాబట్టి. గెలిచిన కేసు ఉన్నవాడి చేతిలో బేరానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ కేసులు కట్టినవాళ్ల పని వృథా పోలేదు.

ఆ ఆరింట్లో ఒకటి మన హైదరాబాద్‌కు సంబంధించినది. మాసబ్ ట్యాంక్‌లో ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం చాలామంది చూసే ఉంటారు. ఎన్‌ఎండీసీ ప్రభుత్వ సంస్థ, అది ఉక్కు కంపెనీలకు ఇనుప ఖనిజం చౌకగా ఇస్తోంది, కాబట్టి అది ప్రభుత్వ సబ్సిడీ అని అమెరికా మన ఉక్కు మీద సుంకం వేసింది. 2012లో మనం కేసు వేశాం, డీఎస్436. వాటాలు ప్రభుత్వానివి అయినంత మాత్రాన సరిపోదు, ఆ సంస్థ చేతిలో ప్రభుత్వ అధికారం ఉందా, దాన్ని వాడుతోందా అన్నది తేల్చాలని మనవాళ్లు వాదించారు. ప్యానెల్ దగ్గర ఆ ముక్క ఓడిపోయాం. 2014 డిసెంబర్‌లో అప్పీలేట్ బాడీ ఆ ముక్క మీద ప్యానెల్ తీర్పును తిప్పేసింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ నివేదిక చదివాను. ప్రభుత్వ రంగ సంస్థలు ఇన్ని ఉన్న మన దేశానికి ఆ ఒక్క తేడా ఎంత ముఖ్యమో అర్థమై రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడే ఈ పని నాది అనుకున్నాను.

ఇక కేసులు తగ్గిన చోట ఒప్పందాల పని పెరిగింది. యూఏఈతో 2022 ఫిబ్రవరి 18న సంతకం పెట్టిన ఒప్పందానికి చర్చలు 88 రోజుల్లో ముగిశాయి. ఆస్ట్రేలియాతో అదే ఏడాది ఏప్రిల్‌లో. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టెయిన్‌లతో 2024 మార్చి 10న. బ్రిటన్‌తో 2025 జూలై 24న. ఒక్కో ఒప్పందం వందల పేజీలు. ప్రతి వాక్యంలో "చేయాలి" అని ఉందా, "చేయడానికి ప్రయత్నించాలి" అని ఉందా చూడాల్సింది లాయరే. స్విట్జర్లాండ్ ఒప్పందంలో 15 ఏళ్లలో 10 వేల కోట్ల డాలర్ల పెట్టుబడి మాట ఉంది కదా, అది చదివి చూడు. పెట్టుబడి తెస్తామని కాదు, తేవాలన్న లక్ష్యంతో పనిచేస్తామని ఉంటుంది. అనుకున్నది జరగకపోతే మనం ఇచ్చిన సుంకం రాయితీలను వెనక్కి తీసుకునే దారి కూడా రాసి ఉంటుంది. ఆ రెండో భాగం లేకపోతే మొదటి భాగానికి బలం లేదు. అలాంటి చోట మన లాయరు రాత్రి రెండింటికి ఒక పదం కోసం పట్టుబట్టి కూర్చుంటాడు. పేపర్లో సంతకాలు పెట్టినవాళ్ల ఫోటో వస్తుంది.

హైకోర్టు_జూనియర్
అక్కా, ఎన్‌ఎండీసీ విషయం నాకు అస్సలు తెలియదు. రోజూ ఆ బిల్డింగ్ ముందు నుంచే వెళ్తాను. నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఉద్యోగ భద్రత గురించి కూడా చెప్పండి, ఆ అమ్మాయికి అది తెలియాలి.

కొత్తపేట_నాన్న
నేను లాయర్‌ని కాను. మా అబ్బాయి ఢిల్లీలో ఇలాంటి ఉద్యోగమే మూడేళ్లు చేశాడు, అందుకే రాస్తున్నాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాది చివర పొడిగింపు లెటర్ వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక సంవత్సరం గడువు తీరిన రెండు నెలలకు వచ్చింది. ఆ రెండు నెలలూ జీతం లేదు, వాడు మాత్రం రోజూ ఆఫీసుకు వెళ్లాడు, ఎందుకంటే ఏదో కేసులో జవాబు పంపాల్సిన తేదీ ఉందట. అద్దె మేము పంపాం. వాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేనే బాధపడ్డాను. ఇప్పుడు ఒక ప్రైవేటు లా ఫర్మ్‌లో ఇదే పని చేస్తున్నాడు, జీతం బాగుంది. ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడినప్పుడు అప్పటి పని గురించే చెప్తాడు.

ఢిల్లీ_అక్క
కొత్తపేట నాన్న గారూ, మీరు రాసింది చదివి కళ్లు తడిశాయి. మా అమ్మా ఇలాగే పంపేది.

సరే, దారులు చెప్తాను. ఇవన్నీ ఒకే రకం ఉద్యోగాలు కావు.

వివాదాలు, ఒప్పందాల అసలు న్యాయ పని ఎక్కువగా జరిగేది వాణిజ్య శాఖ 2017లో ఢిల్లీలోని ఐఐఎఫ్‌టీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) పెట్టిన సెంటర్ ఫర్ ట్రేడ్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ లా దగ్గర, పొట్టిగా సీటీఐఎల్. దాని కంటే ముందు, 1999 నుంచే సెంటర్ ఫర్ డబ్ల్యూటీఓ స్టడీస్ ఉంది, అక్కడ ఆర్థికవేత్తలు, లాయర్లు కలిసి పనిచేస్తారు. వాణిజ్య శాఖలోనూ, డీజీటీఆర్‌లోనూ యంగ్ ప్రొఫెషనల్, లీగల్ కన్సల్టెంట్ పోస్టులు పడతాయి. వీటిల్లో చాలావరకు కాంట్రాక్టువే. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, స్థిరపడటానికి మాత్రం కష్టం.

స్థిరంగా ఉండాలంటే మూడు దారులు. న్యాయ శాఖలో ఇండియన్ లీగల్ సర్వీస్ ఉంది. ఒప్పందాల ముసాయిదాలు వాళ్ల దగ్గరికి కూడా వెళ్తాయి. యూపీఎస్సీ ద్వారా తీసుకుంటారు, కొన్నేళ్ల అనుభవం అడుగుతారు కాబట్టి డిగ్రీ అయిన వెంటనే కుదరదు. విదేశాంగ శాఖలో లీగల్ అండ్ ట్రీటీస్ డివిజన్ ఉంది, అక్కడ వాణిజ్యం ఒక్కటే కాదు, సముద్ర చట్టం నుంచి నేరస్థుల అప్పగింత దాకా అన్నీ చూడాలి. ఇక సివిల్ సర్వీసెస్ పరీక్ష రాసి ఇండియన్ ట్రేడ్ సర్వీస్. దానికి లా డిగ్రీ అక్కర్లేదు, ఉంటే నీకు చాలా కలిసొస్తుంది. డీజీఎఫ్‌టీలో (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) పోస్టింగ్, విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ ఆఫీసులున్నాయి. ఒకటి గుర్తుపెట్టుకో. పూర్తికాలం ప్రభుత్వ జీతం తీసుకుంటే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సనదు, అంటే లాయర్‌గా ప్రాక్టీసు చేసే అనుమతి ఆపుకోవాలి. మళ్లీ ప్రాక్టీసు అంటే తిరిగి తెచ్చుకోవాలి. ఇది మీ నాన్నకు కూడా చెప్పు, ఆయన తప్పకుండా అడుగుతారు.

చేరాక మొదటి రెండేళ్లు నీ పేరు ఎక్కడా కనిపించదు. వేరే రెండు దేశాల కేసులో మన దేశం మూడో పక్షంగా చేరుతుంది, ఆ చిన్న సబ్మిషన్ ముసాయిదా నీకిస్తారు. నీ అసలు పాఠం అక్కడే. ఆ కేసులో మనం చెప్పే మాట రేపు మన మీద పడే కేసులో మన మెడకు చుట్టుకోకూడదు. అందుకని పాత కేసుల్లో భారత్ ఏమేం చెప్పిందో అంతా చదవాలి. 2001లో దుప్పట్ల కేసులో యూరప్ మీద మనం గెలిచాం. డంపింగ్ లెక్కలో మనకు అనుకూలంగా వచ్చిన తేడాలను సున్నాగా చూపే పద్ధతి తప్పని తీర్పు వచ్చింది. అదే వాదన తర్వాత ఎన్నో దేశాలు వాడుకున్నాయి.

రోజువారీ పని వేరే మంత్రిత్వ శాఖల నుంచి వివరాలు రాబట్టడం. వ్యవసాయ శాఖ నుంచి ఒక పట్టిక కావాలంటే నువ్వు అడిగినది వాళ్లకు అర్థమయ్యేలా రాయాలి. జెనీవా సమయం చలికాలంలో మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, ఎండాకాలంలో మూడున్నర. వాళ్ల సాయంత్రం ఆరు అంటే మనకు చలికాలంలో రాత్రి పదిన్నర, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. గడువు రోజు ఇంటికి వెళ్లే ఆశ పెట్టుకోకు.

బెర్న్_చదువు
నేను చదువు గురించి చెప్తాను. అక్క చెప్పిన దానికి ఇంకేం కలపక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లో బెర్న్‌లో వరల్డ్ ట్రేడ్ ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టర్స్ చేశాను, ఇప్పుడు ముంబైలో ప్రైవేటుగా పనిచేస్తున్నాను. ఆ కోర్సు బాగుంటుంది, ఖర్చు కూడా అలాగే ఉంటుంది. నేను స్కాలర్‌షిప్ లేకపోతే వెళ్లేదాన్ని కాదు. అప్పు చేసి విదేశీ ఎల్ఎల్ఎం చేసి, కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి ఈఎంఐ కట్టలేక ఇబ్బంది పడినవాళ్లను చూశాను. ముందు ఇక్కడ రెండేళ్లు పనిచేసి, అప్పుడు స్కాలర్‌షిప్‌కు అప్లై చేయడం మేలు.

నాలుగో ఏడాదిలో ఉన్నారు కాబట్టి వెంటనే చేయగలిగినవి: జాన్ హెచ్ జాక్సన్ మూట్ కోర్టు పోటీ (విద్యార్థులు ఊహాజనిత కేసు వాదించే పోటీ), గాంధీనగర్‌లో గుజరాత్ నేషనల్ లా యూనివర్సిటీ (జీఎన్‌ఎల్‌యూ) నడిపే మూట్ పోటీ. రెండూ డబ్ల్యూటీఓ చట్టం మీదే. మా బ్యాచ్‌లో ఈ రంగంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మూట్ చేసినవాళ్లే. జెనీవాలో అడ్వైజరీ సెంటర్ ఆన్ డబ్ల్యూటీఓ లా అని ఒకటుంది, వర్ధమాన దేశాలకు న్యాయ సహాయం చేసేందుకు 2001లో పెట్టారు. ఈ రంగంలో ఎదిగాక అలాంటి చోట్లకూ వెళ్లొచ్చు.

ఇంకొకటి. ఎకనామిక్స్‌కు భయపడొద్దు. లాయర్లు అంకెలు పక్కనపెట్టేస్తారు, ఈ పనిలో అది కుదరదు.

మాజీ_కస్టమ్స్
అంకెల మాట వచ్చింది కాబట్టి వరి గురించి చెప్తాను, గోదావరి పిల్ల కాబట్టి తెలియాలి. మద్దతు ధరకు ధాన్యం కొన్నందుకు మన మీద ప్రశ్నలు ఎందుకొస్తాయంటే, డబ్ల్యూటీఓ లెక్కలో ఈనాటి మద్దతు ధరను 1986-88 నాటి స్థిర ధరతో పోలుస్తారు. ఆ తేడానంతా సబ్సిడీ అంటారు. ముప్పై ఏళ్లకు పైబడిన ధరల పెరుగుదల దాంట్లో కలిసిపోతుంది! 2013లో బాలిలో కుదిరిన శాంతి నిబంధన మనకు రక్షణ. పరిమితి దాటినా దాని మీద కేసు వేయకుండా అది ఆపుతుంది. 2018-19 పంటకు మొదటిసారి దాన్ని వాడుకున్నాం. ఆ ఏడాది మన వరి ఉత్పత్తి విలువ 4,367 కోట్ల డాలర్లు, మద్దతు 500 కోట్ల డాలర్లు. 10 శాతం పరిమితి దాటింది. ఈ లెక్కలు జాగ్రత్తగా డబ్ల్యూటీఓకు నోటిఫై చేయాలి, ప్రతి ఏడాదీ. కొనుగోలు కేంద్రంలో బస్తా తూకం వేయించుకునే రైతుకు ఈ కాగితం సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరం రాకుండా చూడటమే ఢిల్లీలో కూర్చున్నవాళ్ల బాధ్యత అని నా అభిప్రాయం.

జీడిమెట్ల_మౌల్డింగ్
సార్, ఈ లెక్క నాకు ఇప్పుడే తెలిసింది. మా మామగారిది మిర్యాలగూడ దగ్గర వరి. ఆయనకు చూపిస్తాను.

ఉండి_లా_విద్యార్థిని
వారం తర్వాత మళ్లీ రాస్తున్నాను. అందరికీ ముందు థాంక్స్.

మూట్ కోసం కాలేజీలో ఇద్దరిని కలుపుకుని జట్టు కట్టాను. మా ప్రొఫెసర్ మేడమ్ ఒప్పుకున్నారు. వేసవిలో ఢిల్లీలో ఇంటర్న్‌షిప్‌కు కూడా అప్లై చేస్తాను. నాన్నతో అన్నీ దాచకుండా చెప్పాను: కాంట్రాక్టు సంగతి, సనదు సంగతి, కొత్తపేట బాబాయ్ గారు రాసిన రెండు నెలల జీతం సంగతి. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ బాండు కేసు గురించి అడిగారు. 2005, 2006 ప్రాంతంలో ప్లాంటు వాళ్లు డబ్బులు నెలల తరబడి ఆపేవారట, అడిగితే "అవతల అమెరికాలో ఇరుక్కుంది" అనేవారట. అది ఎక్కడ ఇరుక్కుందో నాన్నకు ఇప్పుడు తెలిసింది. మూడేళ్లు ప్రయత్నించు, ఈలోగా జడ్జి పరీక్ష పుస్తకాలు కూడా పక్కన పెట్టకు అన్నారు. సరే అన్నాను.

డీఎస్345 నివేదిక చదవడం మొదలుపెట్టాను. ఒక చోట ఆగిపోయాను అక్కా. బాండు లాంటి పూచీ అడగడం అసలే తప్పని అప్పీలేట్ బాడీ అనలేదు. "సహేతుకంగా" ఉంటే అడగొచ్చంది. మరి అమెరికా ఎక్కడ ఓడిపోయింది?

ఢిల్లీ_అక్క
చాలామంది ఆ పేజీలు దాటేసి ముగింపుకు వెళ్లిపోతారు. నువ్వు ఆగాల్సిన చోటే ఆగావు.

వెనక్కి వెళ్లు. అమెరికాకు ఆ బాండు ఆలోచన ఎందుకొచ్చింది? చైనా నుంచి వచ్చే క్రాఫిష్ అనే మంచినీటి రొయ్యలాంటి జీవి మీద సుంకం వేశారు. దిగుమతిదారులు కట్టకుండా మాయమయ్యారు. దాంతో పెద్ద బాండు తీసుకుందామనుకున్నారు. అనుకుని, మన రొయ్యల మీద పెట్టారు. అప్పీలేట్ బాడీ రెండు మెట్లు చెప్పింది. మొదట, ఇప్పుడున్న సుంకం కంటే చివరికి తేలే సుంకం బాగా పెరిగే అవకాశం ఉందని ఆధారాలతో చూపించాలి. అది చూపించాకే, పూచీ ఎంత తీసుకోవాలన్నది రెండో ప్రశ్న. రొయ్యల విషయంలో డంపింగ్ మార్జిన్లు, అంటే సుంకానికి ఆధారమైన ధర తేడాలు అలా పెరుగుతాయని అమెరికా చూపించలేకపోయింది. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇది. మన మొదటి సబ్మిషన్‌లో ఈ వాదన ఏ రూపంలో ఉందో, థాయ్‌లాండ్ ఎలా పెట్టిందో రెండు కేసుల ప్యానెల్ నివేదికల్లోని వాదనల సారాంశాలు పక్కపక్కన పెట్టి చదువు. రెండు పేజీల నోట్ రాసి ఇక్కడ పెట్టు. ఆదివారం నేను చూస్తాను. తెలుగులో రాసినా పర్వాలేదు.